మయన్మార్‌లో సైన్యం దురాగతాలను ఎవరు నమోదు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

"మయన్మార్‌లో వైమానిక దాడి, ఇంతమంది మృతి" అని పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. ఆ అంకె ఊరికే రాదు. ఎవరో ఒకరు కాలిన ఊళ్లోకి వెళ్లి, శవాలు లెక్కపెట్టి, పేర్లు కనుక్కుని, ఫోన్లో ఫొటోలు దాచి, చెక్‌పోస్టులు దాటించి బయటికి పంపితే వస్తుంది. ఆ పని గురించి చాలామందికి వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. లాయర్ల కోసం రాసింది కాదు. వార్తలు చదివే మామూలు మనుషుల కోసం.

అసలు అక్కడ ఏం జరిగింది? క్లుప్తంగా చెప్పండి.

2020 నవంబర్ ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూకీ పార్టీ భారీగా గెలిచింది. కొత్త పార్లమెంటు కూర్చోవాల్సిన రోజు, 2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున, సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్ అధికారం లాక్కున్నాడు. జనం వీధుల్లోకి వచ్చారు. సైన్యం కాల్పులు జరిపింది. దాంతో కుర్రాళ్లు అడవి బాట పట్టి తుపాకులు అందుకున్నారు. ఇప్పుడది దేశమంతా పాకిన యుద్ధం. ఇల్లూ ఊరూ వదిలి దేశం లోపలే తలదాచుకుంటున్నవాళ్లు 35 లక్షలు దాటారని 2025లో ఐక్యరాజ్యసమితి చెప్పింది.

ఆ దేశానికి ఇది కొత్త కాదు. 1962లో నే విన్, 1988లో మళ్లీ సైన్యం ఇలాగే చేశారు. కాబట్టి జరిగిన ఘోరాలను రాసిపెట్టే అలవాటు కూడా అక్కడ పాతదే.

ఈ లెక్కలు రాసేది ఎవరు?

ఎక్కువగా వినపడే పేరు ఏఏపీపీ, అంటే రాజకీయ ఖైదీల సహాయ సంఘం. జైలు నుంచి బయటపడ్డ మాజీ ఖైదీలే 2000లో థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణం మే సాట్‌లో దీన్ని పెట్టారు. ఎవరిని పట్టుకెళ్లారు, ఏ సెక్షన్ పెట్టారు, ఎక్కడ ఉంచారు, ఎవరు చనిపోయారు అన్నది 2021 తర్వాత రోజువారీగా నమోదు చేస్తూ వచ్చారు. 2025 మొదట్లో వాళ్ల జాబితాలో సైన్యం చేతిలో చనిపోయినవాళ్లు 6,000 దాటారు, ఇంకా నిర్బంధంలో ఉన్నవాళ్లు 20,000 పైనే.

కరెన్ ప్రాంతంలో 1992 నుంచి పనిచేస్తున్న కరెన్ హ్యూమన్ రైట్స్ గ్రూప్ పద్ధతి వేరు. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి వాళ్లచేతే రాయిస్తుంది. బయటినుంచి వచ్చిన పరిశోధకుడికి వారం పట్టే విషయం ఊళ్లో ఉన్న మనిషికి పూటలో తెలుస్తుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. కాలిన ఇళ్లను లెక్కపెట్టే డేటా ఫర్ మయన్మార్, వీడియోలను పరీక్షించే మయన్మార్ విట్‌నెస్ లాంటివి కూడా ఉన్నాయి.

వీటన్నిటికీ పైన, ఐరాస మానవ హక్కుల మండలి 2018లో ఏర్పాటు చేసిన స్వతంత్ర దర్యాప్తు యంత్రాంగం ఒకటి జెనీవా నుంచి పనిచేస్తోంది. సాక్ష్యం సేకరించి, భద్రపరిచి, కేసు ఫైళ్లు తయారు చేసి కోర్టులకు ఇవ్వడం దాని పని. అరెస్టు చేసే అధికారం దానికి లేదు.

లోపలున్నవాళ్లు దొరికిపోతే?

జైలే. సైనిక తిరుగుబాటు జరిగిన రెండు వారాలకే శిక్షాస్మృతిలో 505ఏ అనే సెక్షన్ చేర్చారు. జనంలో భయం పుట్టించినా, తప్పుడు వార్త ప్రచారం చేసినా మూడేళ్లు. ఏది తప్పుడు వార్తో తేల్చేది వాళ్లే. ఉగ్రవాద నిరోధక చట్టం తగిలిస్తే శిక్ష ఇంకా పెద్దది. 2021 మార్చి 8న మయన్మార్ నౌ, మిజ్జిమా, డీవీబీతో కలిపి ఐదు వార్తాసంస్థల లైసెన్సులు ఒక్క దెబ్బకు రద్దు చేశారు.

చట్టం సంగతి అలా ఉంచితే, రోజూ భయపెట్టేది చెక్‌పోస్టు. బస్సు ఆపి ఫోన్ తీయమంటారు. గ్యాలరీ, ఫేస్‌బుక్, మెసెంజర్ చూస్తారు. నిషేధించిన సైట్లు చూడటానికి వాడే వీపీఎన్ యాప్ ఉందంటే అదే అనుమానానికి కారణం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ప్రయాణంలో ఫోన్‌లో ఏమీ ఉంచుకోరు. అయితే ఫోన్ మరీ ఖాళీగా ఉన్నా అనుమానమే కాబట్టి పెళ్లి ఫొటోలు, సినిమా పాటలు, వంటల వీడియోలు నింపుకుని వెళ్తారు.

ఒక ఘటనను "నమోదు చేయడం" అంటే సరిగ్గా ఏం చేస్తారు?

"సైనికులు వచ్చి ఊరు తగలబెట్టారు." ఈ వాక్యం నిజమే అయినా కోర్టులో నిలబడదు. ఎప్పుడొచ్చారు, ఏ దారిన, సుమారు ఎంతమంది, కాలినడకనా బండ్లలోనా, భుజం మీద ఏ బ్యాడ్జి ఉంది, ఎవరు ఆర్డర్ ఇచ్చారు, చెప్పే మనిషి అప్పుడు ఎక్కడ నిలబడ్డాడు, కళ్లారా చూశాడా, పక్కింటివాళ్లు చెబితే విన్నాడా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఉండాలి. జవాబు తెలియకపోతే "తెలియదు" అని రాయాలి. ఖాళీని ఊహతో నింపే రిపోర్టర్ కంటే "తెలియదు" అని నాలుగుచోట్ల రాసిన పల్లెటూరి కుర్రాడి నోట్‌బుక్కే నయం.

బ్యాడ్జికి అంత ప్రాధాన్యం ఎందుకంటే, కోర్టులకు కావలసింది కాల్చిన సిపాయి ఒక్కడే కాదు. పంపిన అధికారి కూడా కావాలి. భుజం మీది గుర్తును బట్టి ఏ డివిజనో తెలుస్తుంది, డివిజన్ తెలిస్తే ఆ రోజు దానికి కమాండర్ ఎవరో తెలుస్తుంది. రఖైన్ రాష్ట్రంలో రోహింగ్యా ముస్లింలపై 2017లో జరిగిన హత్యాకాండలో 33వ, 99వ లైట్ ఇన్‌ఫాంట్రీ డివిజన్ల పేర్లు బయటికొచ్చింది ఇలా ముక్క ముక్క కలిపితేనే.

చావు గురించి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. శవం ఎక్కడ దొరికింది, ఏ వైపు పడి ఉంది, చేతులు కట్టేసి ఉన్నాయా, గాయం ఎక్కడ, పక్కన తూటా గొట్టాలు ఉన్నాయా అని ఖననానికి ముందే ఫొటోలు తీసిపెట్టుకోవాలి. ఎందుకంటే శవాన్ని కూడా సైన్యం వదలదు. 2021 మార్చి 3న మాండలేలో నిరసనలో ఉన్న 19 ఏళ్ల చల్ సిన్ తలకు తూటా తగిలి చనిపోయింది. ఒంటిమీది టీషర్టుపై "అంతా సర్దుకుంటుంది" అని ఇంగ్లీషులో ఉంది. అంత్యక్రియలైన మర్నాడు అధికారులు సమాధి తవ్వించి శవాన్ని బయటికి తీయించారు. ఆ తూటా పోలీసులది కాదని ప్రభుత్వ మీడియా ప్రకటించేసింది. అప్పటికే ఆమె చివరి నిమిషాల ఫొటోలు, వీడియోలు ప్రపంచమంతా చూసేసింది కాబట్టి ఆ మాటను నమ్మినవాళ్లు తక్కువ. అవే లేకపోయి ఉంటే ప్రభుత్వ ప్రకటనే రికార్డుగా మిగిలేది.

వీడియో నిజమో కాదో ఎలా తేలుస్తారు?

మొదట అది పాతదేమో చూస్తారు. సిరియాదో సూడాన్‌దో వీడియోకి మయన్మార్ పేరు తగిలించి తిప్పడం మామూలే. వీడియోలోంచి కొన్ని ఫ్రేములు తీసి నెట్‌లో వెతికితే సగం సంగతి అక్కడే తేలుతుంది.

తర్వాత చోటు. వెనక కనపడే పగోడా గోపురం, వాటర్ ట్యాంకు, కొండ అంచు, రోడ్డు వంపు చూసి ఉపగ్రహ చిత్రంతో పోలుస్తారు. ఆ తర్వాత సమయం. నీడ ఎటు పడింది, ఎంత పొడవుంది అన్నదాన్ని బట్టి సూర్యుడి స్థానం లెక్కకట్టి ఇంచుమించు గంట చెప్పొచ్చు. ఇక ఒకే ఘటనను వేరువేరు మనుషులు వేరువేరు వైపుల నుంచి తీసిన వీడియోలు దొరికితే పని చాలావరకు అయినట్టే.

నిప్పు విషయంలో నాసా వాళ్ల ఫర్మ్స్ బాగా పనికొస్తుంది. భూమ్మీద వేడి ఎక్కువగా ఉన్న చోట్లను ఉపగ్రహాలు గుర్తిస్తాయి, ఆ సమాచారం ఉచితంగా ఎవరైనా చూడొచ్చు. చిన్ రాష్ట్రంలో కొండ మీదున్న తంత్లాంగ్ పట్టణాన్ని తీసుకోండి. 2021 అక్టోబర్ 29న సైన్యం ఫిరంగులు పేల్చింది. ఆ రోజు 160కి పైగా ఇళ్లు కాలిపోయాయి. అప్పటికే జనం చాలావరకు ఊరు ఖాళీ చేసి పోయారు, చూసి చెప్పేవాళ్లు తక్కువ. కానీ ఎదుటి కొండల మీద నుంచి తీసిన ఫొటోల్లో పొగ కనపడింది, ఉపగ్రహ చిత్రాల్లో ముందురోజు ఉన్న కప్పులు తర్వాత లేవు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ కొండల్లో మన ఏజెన్సీలో లాగే పోడు వ్యవసాయం ఉంది. ఎండాకాలంలో పోడు కోసం పెట్టిన మంట కూడా ఉపగ్రహానికి ఎర్ర చుక్కే. అందుకని చుక్క కనపడగానే "ఊరు కాల్చారు" అని రాసేయకూడదు. ఊరి ఇళ్ల మీదే పడిందా, పొలం మీద పడిందా చూసి, ఊరివాళ్ల మాటతో సరిచూసుకోవాలి. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఈ సంగతి మర్చిపోతే లోకల్ మనిషి ఒక్క ఫోన్‌కాల్‌తో సరిదిద్దేస్తాడు.

ఒక్కో సంస్థ ఒక్కో అంకె చెబుతోంది. ఎవరిది నమ్మాలి?

రెండూ నిజమే కావొచ్చు. ఓస్లోలోని శాంతి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం తిరుగుబాటు నుంచి 2022 సెప్టెంబర్ చివరి వరకు 20 నెలల్లో కనీసం 6,337 మంది పౌరులు రాజకీయ కారణాలతో చనిపోయారు. అదే సమయానికి ఏఏపీపీ జాబితాలో 2,300 పైచిలుకు మందే ఉన్నారు. ఇంత తేడా ఎందుకు? ఏఏపీపీ లెక్కపెట్టేది సైన్యం, దాని వత్తాసుదారుల చేతిలో చనిపోయినవాళ్లనే. అందులోనూ తాము సరిచూసుకున్నవే వేసుకుంటుంది. ఓస్లో వాళ్లు మీడియా వార్తలన్నీ పోగేసి, ఎవరు చంపినా లెక్కలోకి తీసుకున్నారు.

కాబట్టి అంకె చూసినప్పుడు "ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు" అని అడగండి. "కనీసం" అనే మాటను అనువాదంలో ఎగరగొట్టే సబ్‌ఎడిటర్లకు కూడా ఇదే విన్నపం.

సైన్యానికి ఎదురు నిలిచినవాళ్ల తప్పులు కూడా రాస్తారా?

రాయాలి. రాస్తున్నారు కూడా, కానీ రాసేటప్పుడు ఇబ్బంది పడతారు. ఇన్‌ఫార్మర్ అనే అనుమానంతో ఊరి పెద్దలను, గుమస్తాలను ప్రతిఘటన దళాలు చంపిన ఘటనలు ఉన్నాయి. ఓస్లో లెక్కలో మూడోవంతు చావులు సైన్యానికి వ్యతిరేకంగా పోరాడుతున్న దళాల ఖాతాలోనే పడ్డాయి. రెండువైపులా బలం సమానం కాదు. విమానాలూ, ఫిరంగులూ, జైళ్లూ ఒకవైపే ఉన్నాయి. అయినా చచ్చిన గుమస్తా పేరు జాబితాలో ఉండాల్సిందే. ఒక పక్షం ఘోరాలే రాసే జాబితాను రేపు కోర్టులో అవతలి లాయరు మొదటి ప్రశ్నకే పక్కన పడేయిస్తాడు. తెలుగు హక్కుల ఉద్యమంలోనూ ఈ వాదన దశాబ్దాలు నడిచింది. రాజ్యహింసతో పాటు నక్సలైట్ల హింసను కూడా మాట్లాడాలా అన్న దగ్గర బాలగోపాల్ ఒకవైపు, మరికొందరు మరోవైపు నిలబడ్డారు. 1998లో మానవ హక్కుల వేదిక విడిగా ఏర్పడటం వెనక ఈ చర్చే ఉంది.

మన దగ్గరలా నిజనిర్ధారణ కమిటీ వెళ్లొచ్చు కదా?

మన దగ్గర ఎన్‌కౌంటర్ జరిగితే కమిటీ వాళ్లు జీపేసుకుని ఊరికెళ్తారు. మధ్యలో పోలీసులు ఆపినా, కేసులు పెట్టినా, తిరిగొచ్చి ప్రెస్‌మీట్ పెట్టగలరు, హైకోర్టులో పిటిషన్ వేయగలరు. అక్కడ ప్రెస్‌మీట్ పెట్టడానికి ప్రెస్ లేదు, పిటిషన్ వేయడానికి కోర్టు లేదు. ఐరాస 2017లో వేసిన నిజనిర్ధారణ బృందాన్నే దేశంలోకి అడుగుపెట్టనివ్వలేదు. వాళ్లు బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, మలేసియా లాంటి దేశాల్లో ఉన్న బాధితులతో మాట్లాడి నివేదిక రాయాల్సి వచ్చింది.

ఇంత కష్టపడి రాసి ఏం ఒరిగింది?

అందరూ అడిగే ప్రశ్న ఇది. ఇన్ దిన్ కథ చెబుతాను, మీరే తేల్చుకోండి.

2017 సెప్టెంబర్ 2న రఖైన్‌లోని ఇన్ దిన్ ఊళ్లో పదిమంది రోహింగ్యా మగవాళ్లను చంపి ఒకే గోతిలో పూడ్చారు. రాయిటర్స్ విలేకరులు వా లోన్, చో సో ఊ దాని వెంటపడ్డారు. ఊళ్లోని ఒక బౌద్ధ పెద్దమనిషి వాళ్లకు ఫొటోలు ఇచ్చాడు. పదిమంది వరసగా మోకాళ్ల మీద కూర్చుని ఉన్నవి, తర్వాత గోతిలో పడి ఉన్నది. అదే ఏడాది నవంబర్‌లో సైన్యం తన అంతర్గత విచారణలో అమాయకులెవరూ చనిపోలేదని తేల్చేసి ఉంది. డిసెంబర్ 12న పోలీసులు ఇద్దరినీ డిన్నర్‌కి పిలిచి, చేతిలో కాగితాలు పెట్టి, బయటికి రాగానే అరెస్టు చేశారు. కానీ ఆ ఫొటోలను కాదనలేక 2018 జనవరిలో హత్యలు జరిగాయని సైన్యం ఒప్పుకుంది. ఏడుగురు సైనికులకు పదేళ్ల శిక్ష వేశారు.

ఆ సైనికులు ఏడాది తిరక్కముందే బయటికొచ్చారు. విలేకరులు 16 నెలలకు పైగా లోపలున్నారు.

అంటే న్యాయం జరగలేదు. కానీ ఆ ఫైలు చావలేదు. 2019 నవంబర్‌లో గాంబియా అనే చిన్న ఆఫ్రికా దేశం మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో జాతిహత్య కేసు వేసింది. రోహింగ్యాలను కాపాడాలని, సాక్ష్యాలు చెరపొద్దని 2020 జనవరిలో ఆ కోర్టు మధ్యంతర ఆదేశాలు ఇచ్చింది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ 2024 నవంబర్‌లో మిన్ ఆంగ్ హ్లయింగ్ మీద వారంట్ కోరాడు. 2025 ఫిబ్రవరిలో అర్జెంటీనా కోర్టు ఒకటి వారంట్లు జారీ చేసేసింది. వారంటున్న వాళ్లలో సూకీ పేరు కూడా ఉందన్నది కొందరికి మింగుడుపడలేదు. 2017లో ప్రభుత్వం ఆమెదే మరి.

ఈ పని ఎంత ఓపికతో కూడుకున్నదో తెలియాలంటే కెంజీ నగాయి కెమెరా సంగతి వినాలి. 2007 సెప్టెంబర్ 27న రంగూన్‌లో సన్యాసుల నిరసనను తీస్తున్న ఆ జపాన్ జర్నలిస్టును సైనికుడు దగ్గర నుంచి కాల్చాడు. కింద పడ్డాక కూడా చేతిలో కెమెరా ఉంది. తర్వాత మాయమైంది. 2023లో బ్యాంకాక్‌లో దాన్ని ఆయన చెల్లెలి చేతిలో పెట్టారు. పదిహేనేళ్లకు పైగా ఎవరో దాచారు. టేప్ అందులోనే ఉంది.

బాధితులతో మాట్లాడటానికి ప్రత్యేకంగా పద్ధతి ఏమైనా ఉందా?

ఉంది. మొదటిది, ఎందుకు అడుగుతున్నారో, ఆ మాటలు ఎక్కడికి వెళ్తాయో అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. మధ్యలో వద్దంటే ఆపేయాలి. "చెబితే రేషన్ వస్తుంది, వీసా వస్తుంది" అనే ఆశ పుట్టనివ్వకూడదు.

రెండోది, ఒకే మనిషిని పదిమంది అడగొద్దు. 2017 తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు చేరినప్పుడు, అత్యాచారానికి గురైన ఆడవాళ్ల దగ్గరికి విలేకరులు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధకులు వరసకట్టారు. చెప్పిందే చెప్పించారు. దానివల్ల మనిషి నలిగిపోవడమే కాదు, నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాసుకున్న వాంగ్మూలాల్లో చిన్న తేడాలు వచ్చి కోర్టులో అదే డిఫెన్స్‌కి ఆయుధమవుతుంది. శిక్షణ లేనివాళ్లు లైంగిక హింస గురించి లోతుగా అడక్కుండా, డాక్టరు దగ్గరికి, శిక్షణ ఉన్న సంస్థ దగ్గరికి దారి చూపితే చాలు.

మన దేశానికి దీంతో ఏమిటి సంబంధం?

సరిహద్దు. 2021 తర్వాత చిన్ రాష్ట్రం నుంచి 30,000 మందికి పైగా మిజోరం చేరారు. ఇద్దరిదీ ఒకే మూలం కాబట్టి ఢిల్లీ మాట ఎలా ఉన్నా మిజోలు వాళ్లను కాదనలేదు. మణిపూర్‌కు వచ్చిన ఏడుగురి కోసం లాయర్ నందితా హక్సర్ హైకోర్టుకు వెళ్లారు. అందులో ముగ్గురు మిజ్జిమా జర్నలిస్టులు. ఢిల్లీలోని ఐరాస శరణార్థుల కార్యాలయానికి వాళ్లను వెళ్లనివ్వాలని 2021 మే 3న కోర్టు చెప్పింది. శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయని దేశంలో అది చిన్న తీర్పేమీ కాదు.

హైదరాబాద్ బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యాలు కూడా ఈ కథలోని మనుషులే.

తెలుగువాళ్లు బర్మాలో ఉండేవారు కదా?

చాలామంది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి రంగూన్ రేవులో మూటలు మోశారు. 1930లో అక్కడ అల్లర్లు మొదలైంది తెలుగు రేవు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్యే. 1962 తర్వాత నే విన్ దుకాణాలు జాతీయం చేసి, 1964లో 50, 100 చాట్ నోట్లు రద్దు చేసేసరికి దాదాపు 3 లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంప్ అలా ఏర్పడిందే. ఆ కుటుంబాల్లో ఇంకా పెద్దవాళ్లు ఉంటే, కొట్టు ఏ వీధిలో ఉండేది, రసీదు ఏమిచ్చారు, ఓడలో ఏం తెచ్చుకోనిచ్చారు అని అడిగి రికార్డు చేయండి. సైనిక పాలన ఘోరాల్లో అదీ ఒక అధ్యాయమే.

నాకు వాట్సాప్‌లో ఒక భయంకరమైన వీడియో వచ్చింది. ఏం చేయను?

ఫార్వర్డ్ చేయకండి. మొహాలు కనపడుతున్నాయంటే మీ ఫార్వర్డే వాళ్లను పట్టించొచ్చు. డిలీట్ కూడా చేయకండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తీసిన సమయం, చోటు లాంటి లోపలి వివరాలు పోతాయి కాబట్టి, పంపిన మనిషిని అసలు ఫైలు ఉందా, మొదట ఎవరు తీశారు అని అడగండి. ఉంటే ఆ ఫైలును ముట్టుకోకుండా, కత్తిరించకుండా, పేరు మార్చకుండా ఒక కాపీ విడిగా దాచండి. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో పక్కన రాసుకోండి. మొహాలు మసక చేయాలంటే కాపీ మీద చేయండి, అసలు దాని మీద కాదు. తర్వాత పైన చెప్పిన సంస్థల్లో ఒకదానికి, వాళ్లు సూచించిన సురక్షితమైన మార్గంలోనే పంపండి.

బాలాపూర్‌లో ఉన్నవాళ్ల అనుభవాలు రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

కెమెరా లేకుండా మొదలుపెట్టండి. బస్తీలో పనిచేస్తున్న టీచరో, ఆరోగ్య కార్యకర్తో ఎవరున్నారో కనుక్కుని వాళ్ల ద్వారా వెళ్లండి. భాష తెలిసిన మనిషి కావాలి, కానీ ఆ దుబాసీ చెప్పేవాళ్ల బంధువో, బస్తీ నాయకుడో కాకుండా చూసుకోండి. నాయకుడి ముందు ఎవరూ పూర్తిగా మాట్లాడరు.

ఊరి పేరు, టౌన్‌షిప్ పేరు, వెళ్లిపోయిన నెల అడగండి. తేదీ గుర్తులేకపోతే రంజాన్‌కి ముందా తర్వాతా, వరి కోతలప్పుడా అని అడిగితే చెబుతారు. కొంతమంది దగ్గర రఖైన్ అధికారులు ఇచ్చిన కుటుంబ జాబితా కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంటాయి. పౌరసత్వం లేదన్న దేశమే ఆ ఇంట్లో ఎవరెవరున్నారో రాసిచ్చిన కాగితం అది, చాలా విలువైంది. అడిగి, ఒప్పుకుంటేనే ఫొటో తీయండి. ఐరాస శరణార్థి కార్డు మాత్రం ఫొటో తీయొద్దు. అసలు పేర్లు, మారుపేర్లు కలిపి ఒకే నోట్‌బుక్‌లో రాయకండి. ఆ రెండింటినీ కలిపే పట్టిక వేరేచోట, మీ ఫోన్‌లో కాకుండా ఉండాలి.